బ్రిటన్‌లో ఎనిమిదేళ్లు కట్టి వచ్చేశాను, ఆ పెన్షన్ పోయినట్టేనా?

ప్రశ్న: లాయరు గారూ, నా వయసు 40. 2014 అక్టోబర్‌లో కంపెనీ డెప్యుటేషన్ మీద లండన్ వెళ్లాను. ఏడాదిన్నర తర్వాత అక్కడే మరో కంపెనీలో చేరాను. 2022 అక్టోబర్‌లో ఆ ఉద్యోగం వదిలి కుటుంబంతో హైదరాబాద్ వచ్చేశాను. రెండు నెలలకే ఇక్కడ ఉద్యోగం దొరికింది. ఆన్‌లైన్‌లో చూస్తే నా నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడి ప్రభుత్వ పెన్షన్ కోసం జీతంలో కోసే చందా) రికార్డులో 8 సంవత్సరాలే ఉన్నాయి, మొదటి ఏడాది ఖాళీ. పెన్షన్‌కు 10 కావాలట. కట్టిన డబ్బు పీఎఫ్‌లా వెనక్కి తీసుకోవచ్చా? లేక ఇక్కడి నుంచే మిగతాది కట్టాలా? రేపు నాకేమైనా అయితే మా వారికి వస్తుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఆ డబ్బు వెనక్కి రాదు. పీఎఫ్‌లో మీ పేరు మీద సొమ్ము పోగవుతుంది, ఉద్యోగం మానేశాక అడిగి తీసుకుంటారు. నేషనల్ ఇన్సూరెన్స్ అలా కాదు. మీ జీతంలో కోసింది ఆ రోజుల్లో పెన్షన్ తీసుకుంటున్న వృద్ధులకు ఎప్పుడో వెళ్లిపోయింది. మీ పేరు మీద మిగిలింది సంవత్సరాల లెక్క ఒక్కటే.

ఆ లెక్కలో 2014-15 ఎందుకు ఖాళీగా ఉందో చెబుతాను. మీరు వెళ్లిన నాటి నియమం ప్రకారం, భారత్‌లోని కంపెనీ తన ఉద్యోగిని తాత్కాలికంగా బ్రిటన్‌కు పంపితే మొదటి 52 వారాలు నేషనల్ ఇన్సూరెన్స్ మినహాయింపు ఉండేది. చేతికొచ్చే జీతం కాస్త పెరిగిందని అప్పుడు సంతోషించి ఉంటారు. దాని ఖరీదు ఇప్పుడు తెలుస్తోంది. 2006 నాటి ఖాళీల దాకా పూడ్చుకునే వీలు కొన్నాళ్లు ఇచ్చారు గానీ, అది 2025 ఏప్రిల్ 5తో ముగిసింది. ఇప్పుడు గత ఆరేళ్లకే కట్టనిస్తారు. కాబట్టి 2014-15ను మర్చిపోండి. వచ్చేసిన ఏడాది 2022-23 మాత్రం, ఆరు నెలలే పనిచేసినా మీ ఖాతాలో పూర్తి సంవత్సరంగానే పడింది. అక్కడ చూసేది వారాలను కాదు, ఆ ఏడాది మొత్తం సంపాదన కనీస పరిమితి దాటిందా అన్నదే.

ఇక అసలు చిక్కు. 10 సంవత్సరాలు లేకపోతే తక్కువ పెన్షన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. ఒక్క పౌండు కూడా రాదు. ఇక్కడ కడుతున్న పీఎఫ్ సంవత్సరాలు ఆ పదిలో కలవవు. పది దాటితే మాత్రం ప్రతి సంవత్సరానికీ పూర్తి పెన్షన్‌లో 35వ వంతు చొప్పున వస్తుంది. 2026-27లో పూర్తి పెన్షన్ వారానికి 241.30 పౌండ్లు.

మీకు మూడు ఖాళీ సంవత్సరాలున్నాయి: 2023-24, 2024-25, 2025-26. ఈ మూడూ కట్టితే మొత్తం 11. నేటి రేటున వారానికి దాదాపు 76 పౌండ్లు, ఏడాదికి 3,900 పౌండ్ల పైచిలుకు. దీనికి ఎంత కట్టాలన్నది స్వచ్ఛందంగా కట్టే చందాలో మీరు ఏ తరగతిలో (క్లాస్‌లో) కడతారన్న దాని మీద ఉంటుంది. క్లాస్ 2 అయితే ఏడాదికి 180, 190 పౌండ్లు. క్లాస్ 3 అయితే 900 పైనే. బయల్దేరే ముందు వరకు బ్రిటన్‌లో ఉద్యోగం చేసి, మూడేళ్ల చందా ఉండి, ఇప్పుడు విదేశంలో పనిచేస్తున్నవారికి క్లాస్ 2 దక్కుతుంది. మీకు ఈ మూడూ ఉన్నాయి.

అయితే ఈ చవక బేరం వాళ్లు ఆపేశారు. 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించిన ప్రకారం 2026 ఏప్రిల్ 6 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు విదేశాల్లో ఉన్నవారికి క్లాస్ 2 లేదు. క్లాస్ 3 కట్టాలన్నా కొత్తగా అడిగేవారికి బ్రిటన్‌లో పదేళ్ల నివాసమో, పదేళ్ల చందానో ఉండాలి. అంతకు ముందు సంవత్సరాలకు పాత నియమాలే. 2023-24కు గడువు 2030 ఏప్రిల్ 5 దాకా ఉంది కదా అని ఊరుకోవద్దు. ఈ విషయంలో నియమాలు ఎప్పుడు మారతాయో చెప్పలేమని ఇప్పుడే చూశాం.

బ్రిటన్ పన్నుల శాఖ, అదే హెచ్ఎంఆర్‌సీ, వారి సీఎఫ్83 ఫారం నింపండి. క్లాస్ 2 కావాలని స్పష్టంగా రాయండి. లండన్‌లో చివరి ఉద్యోగం ఏ తేదీన ముగిసింది, ఇక్కడ ఏ తేదీన చేరారు అన్నవి పొల్లుపోకుండా ఉండాలి. ఇక్కడి ఉద్యోగం సంగతి వదిలేసి, క్లాస్ 3కు మంజూరు తెచ్చుకుని, ఐదింతలు కట్టబోయినవారిని చూశాను. అక్కడి నుంచి ఉత్తరం రావడానికి నెలలు పడుతుంది. అది వచ్చి, అందులో మీ రిఫరెన్స్ నంబరు చూశాకే డబ్బు పంపండి. ఈ పనికి వందల పౌండ్ల ఫీజు అడిగే ఏజెంట్లు తగులుతారు. ఫారం నింపడం ఒక సాయంత్రం పని. పాత పీ60లు (అక్కడి కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలు) మాత్రం దగ్గర పెట్టుకోండి.

ఒక చేదు సంగతి కూడా ఉంది. భారత్‌లో ఉండేవారికి ఈ పెన్షన్ మొదలైన రోజు ఎంతుందో అంతే ఉంటుంది, ఏటా పెరగదు. బ్రిటన్‌లో ఉన్నవారికి పెరుగుతుంది. ఇది వివక్ష అని దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ ఆనెట్ కార్సన్ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 2010లో ఓడిపోయారు. అయితే అలా పెరగకుండా ఆగిపోవడం మీరు పెన్షన్ మొదలుపెట్టిన రోజు నుంచే. అప్పటిదాకా పెరిగిన రేటు మీకూ వర్తిస్తుంది. మీ వయసువారికి ఇప్పటి చట్టం ప్రకారం పెన్షన్ మొదలయ్యేది 68 ఏళ్లకు. ఇరవై ఎనిమిదేళ్లలో ఏం మారుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా 550 పౌండ్లకు ఇంత హక్కు వస్తుంటే నేనైతే కట్టేస్తాను.

మీ వారి సంగతి: ఈ పెన్షన్ సాధారణంగా భార్యాభర్తల్లో ఒకరి తర్వాత ఒకరికి రాదు. ఆయన అక్కడ పనిచేసి ఉంటే ఆయన రికార్డు వేరుగా చూసుకోవాలి.

68 నిండగానే వాళ్లంతట వాళ్లు డబ్బు పంపరు, మీరే క్లెయిమ్ చేయాలి. మీ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు పాస్‌పోర్టులతో పాటు రాసి పెట్టుకోండి.