రిసార్ట్‌కి విమానంలో వెళ్తుంటే లగేజీ ఎలా సర్దుకోవాలి?

చెకిన్‌లో ఇచ్చిన పెట్టె మీతోపాటే దిగుతుందన్న నమ్మకంతో సర్దకండి. ఒక జత బట్టలు, ఈత దుస్తులు, రోజూ వేసుకునే మందులు చేతి బ్యాగులోనే ఉంచుకోండి. పెట్టె ఒక రోజు ఆలస్యమైనా సెలవు పాడవదు. గది ఇంకా సిద్ధం కాలేదన్నా హాయిగా కొలనులో దిగిపోవచ్చు. పవర్ బ్యాంకు కూడా చేతి బ్యాగులోనే, ఇది నియమం. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్‌లో వెంటనే ఆర్పగలరు, కింద కార్గోలో ఎవరూ ఉండరు.

పెద్ద సన్‌స్క్రీన్ సీసా మాత్రం పెట్టెలోకే.

పెట్టెకున్న పాత ట్యాగులు, బార్‌కోడ్ స్టిక్కర్లు పూర్తిగా పీకేయండి. స్కానర్ వాటిని చదివితే పెట్టె దారి తప్పొచ్చు. అసలు రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి, రిఫరెన్స్ నంబరు తీసుకుని, రిసార్ట్ చిరునామా ఇవ్వండి. పెట్టెను అక్కడికే పంపమని గట్టిగా అడగండి.