నీ గూఢచారి మాత్రలు ఎక్కడ దాస్తుంది?

తమ్ముడూ,

నువ్వు రాసి పంపిన గూఢచారి సీరియల్ మూడు ఎపిసోడ్లూ చదివాను, మొదటిది ఆదివారం పొద్దున, మిగతా రెండూ నిన్న రాత్రి ఏకబిగిన. సీను కట్టడం నీకొచ్చు, మాట పలికించడం అంతకంటే బాగా వచ్చు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి నేను రాసేది చదివాక నీకు కష్టంగా ఉండొచ్చు. నీ కథలో 'రా' (మన దేశ విదేశీ గూఢచారి సంస్థ) ఆఫీసరు ఒక్కతే నలుగుర్ని పడగొడుతుంది, మేడ మీంచి మేడ మీదకి దూకుతుంది, చనిపోయిన నాన్న రెండుసార్లు ఫ్లాష్‌బ్యాక్‌లో వస్తాడు. ఇంత జరిగినా, రాత్రి ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఆవిడ ఏం చేస్తుందో నాకు తెలియలేదు. నీకు తెలుసా?

ఈ రకం పాత్ర గురించి ఎవరడిగినా నేను హోమ్‌ల్యాండ్ అనే అమెరికన్ టీవీ సీరియల్‌లోని కేరీ మాథిసన్ దగ్గరికే వెళ్తాను. హోమ్‌ల్యాండ్ నువ్వు చూసే ఉంటావు, చూడకపోతే మొదటి సీజనైనా చూడు. 2011 అక్టోబరులో మొదలై 2020 ఏప్రిల్‌లో అయిపోయింది, మొత్తం 8 సీజన్లు. గిడియాన్ రాఫ్ తీసిన ఇజ్రాయెల్ సీరియల్ దానికి ఆధారం. అక్కడ కథంతా శత్రువుల చెర నుంచి తిరిగొచ్చిన సైనికులదీ, వాళ్ల ఇళ్లదీ. దాన్ని అమెరికాకి మార్చి రాసేటప్పుడు హోవర్డ్ గోర్డన్, అలెక్స్ గాన్సా కేరీ అనే ఈ సీఐఏ (అమెరికా గూఢచారి సంస్థ) ఆఫీసరుని మధ్యలో నిలబెట్టారు. ఎనిమిదేళ్లు బందీగా ఉండి వచ్చిన బ్రోడీ అనే సైనికుడికి దేశమంతా హారతులు పడుతుంటే, వాడు ఉగ్రవాదుల మనిషైపోయాడని ఈమె ఒక్కతే నమ్ముతుంది.

మొదటి ఎపిసోడ్‌లో ఆమె తెల్లవారాక ఇంటికొస్తుంది. హడావిడిగా మొహం, చంకలు తుడుచుకుని ఆఫీసుకి తయారవుతుంది, ఆస్పిరిన్ సీసాలోంచి ఒక మాత్ర తీసి మింగుతుంది. అది ఆస్పిరిన్ కాదు, క్లోజపీన్, మానసిక జబ్బుకిచ్చే మందు. ఆమెకి బైపోలార్, అంటే మనసు ఒకసారి విపరీతంగా ఉరకలేసి ఒకసారి కుంగిపోయే జబ్బు. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుంది కాబట్టి డాక్టరైన అక్క దగ్గర గుట్టుగా మందు తెచ్చుకుంటుంది. దేశం రహస్యాలు కాపాడాల్సిన మనిషికి తన ఒంట్లోనే ఒక రహస్యం ఉంది, రెండింటినీ ఒకే చేత్తో పట్టుకుని తిరగాలి.

ఇది చూసినప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ మనసు బాగుండటానికి వేసుకునే మాత్రలు ఇంగువ డబ్బాలో దాచేది. పెద్దనాన్నకి తెలుసు, కోడళ్లకి తెలియదు. నాకప్పుడు పన్నెండేళ్లు ఉంటాయేమో, చారులోకి ఇంగువ తెమ్మంటే డబ్బా తీశాను, లోపల వెండిరంగు అట్ట, మాత్రలకంతా ఇంగువ వాసన. ఆవిడ గబగబా వచ్చి నా చేతిలోంచి డబ్బా తీసుకుంది, ఏమీ అనలేదు, ఇంగువ తనే వేసింది, వేస్తున్నంతసేపూ నా మొహంలోకే చూసింది. నేను ఎవరికైనా చెప్తానేమోనని ఆ చూపు. ఆ చూపుని నలభై ఏళ్లుగా రాద్దామని ప్రయత్నిస్తూనే ఉన్నాను. నీ ఆఫీసరు కళ్లలో అది ఒక్కసారి కనబడితే, ఆ మేడలు దూకే సీన్లు నీకు అక్కర్లేదు.

ఇంకోటి, టీ సంగతి. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్. కేరీ నాలుగు వారాలు బ్రోడీ ఇంట్లో దొంగ కెమెరాలు పెట్టి, వాడు తినడం, నిద్రపోవడం, పెళ్లాంతో గొడవపడటం అన్నీ తన సోఫాలో కూచుని చూసింది. తర్వాత వాడితోనే దగ్గరై, చెరువు పక్కన తన వాళ్ల ఇంట్లో ఇద్దరూ రెండు రోజులు గడుపుతారు. వంటింట్లో టీ ప్రస్తావన వస్తుంది. యార్క్‌షైర్ గోల్డ్ లేదని ఆమె నోరు జారుతుంది. అది వాడు ఇంట్లో తాగే టీ, వాడు ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. అంతే. తుపాకీ పేలలేదు, ఎవరూ ఎవర్నీ వెంటాడలేదు, ఒక టీపొడి పేరు దగ్గర అంత పెద్ద గూఢచారీ దొరికిపోయింది. ఎందుకు దొరికింది? ఆమె వాడి మీద నిఘా వేసీ వేసీ వాడితో కాపురం చేస్తున్నంత అలవాటు పడిపోయింది, మనం ఇంట్లోవాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడేసింది. ఆమె పనితనం, ఒంటరితనం, ప్రేమ అన్నీ ఆ ఒక్క మాటలో బయటపడ్డాయి. నీ రెండో ఎపిసోడ్‌లో ఆమెని పట్టించడానికి హ్యాకర్ని తెచ్చావు చూడు, అక్కడ నీకు కావలసింది ఇలాంటి టీపొడి.

ఇక పదకొండో ఎపిసోడ్. బాంబు పేలాక ఆస్పత్రి మంచం మీద కేరీ ఆకుపచ్చ పెన్ను కావాలని గొడవ చేస్తుంది. నల్లది వద్దు, ఆకుపచ్చదే కావాలి. గది నిండా కాగితాలు, మాట ఆగదు, గురువు లాంటి సాల్ దిక్కుతోచక నిలబడతాడు. తర్వాత ఆయన రాత్రంతా కూచుని ఆ కాగితాల్ని రంగుల వరసన ఆమె ఇంటి గోడ మీద అతికిస్తే, పిచ్చిరాతలనుకున్నది కాస్తా ఒక ఉగ్రవాది జీవితంలోని ఏళ్ల లెక్కగా కనిపిస్తుంది, మధ్యలో ఒక పసుపు ఖాళీతో సహా. ఆ ఉగ్రవాది ఆ రోజుల్లో ఎందుకు మౌనంగా ఉన్నాడు అన్నదే కథకి తాళంచెవి. జవాబు దొరికేలోపు పైఅధికారులొచ్చి గోడంతా చింపేస్తారు.

సీజన్ చివర ఆమె తనంతట తానే కరెంటు షాకు వైద్యానికి ఒప్పుకుంటుంది, తన అనుమానమంతా జబ్బే అని నమ్మేసి. మత్తెక్కుతున్న ఆ క్షణంలో, చెరువు పక్కన ఇంట్లో బ్రోడీ నిద్రలో కలవరించిన పేరు గుర్తొస్తుంది. ఈసా. ఆ ఉగ్రవాది కొడుకు, డ్రోన్ దాడిలో పోయిన పిల్లాడు. ఆ ఖాళీకి జవాబు అదే. గుర్తొచ్చిన మరుక్షణం స్విచ్ వేస్తారు. ఆమె చెప్పిందే నిజమని మనకి తెలుసు, ఆమెకే తెలియదు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు తమ్ముడూ.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. జబ్బుని వరంలా చూపించకు. ఐదో సీజన్‌లో కేరీ బుర్ర చురుగ్గా పనిచేస్తుందని కావాలనే మందు మానేస్తుంది, అక్కడ నాకు నచ్చలేదు, ఆ మందుల మీదే ఇల్లు నడుపుకునేవాళ్లు మన చుట్టూ ఉన్నారు, వాళ్లలో ఒక్కరు అది నమ్మినా ముప్పే. ఏడో సీజన్ ఆఖరికి మాత్రం లెక్క సరిచేశారు: రష్యావాళ్లు ఆమెని నెలల తరబడి బంధించి మందు ఇవ్వకుండా ఆపేస్తారు, వంతెన దగ్గర అమెరికావాళ్లు విడిపించుకునేసరికి సాల్‌ని కూడా గుర్తుపట్టలేని స్థితిలో వస్తుంది. మొదటి ఎపిసోడ్‌లో ఆస్పిరిన్ సీసాలో దాచిన మాత్ర అన్నేళ్ల తర్వాత శత్రువు చేతిలో ఆయుధమైంది. నువ్వూ మొదటి ఎపిసోడ్‌లో ఏం దాస్తున్నావో బాగా ఆలోచించి దాచు.

నీ మూడో ఎపిసోడ్ పాతబస్తీలో పెట్టావు. 'గోడల మీద ఉర్దూ రాతలు' అని రాసి వదిలేశావు, వెనక టెన్షన్ మ్యూజిక్ అని కూడా రాశావు. ఏం రాసుంది ఆ గోడ మీద? ట్యూషన్ ప్రకటనా, పెళ్లిళ్ల బిర్యానీ ఆర్డర్లా? 2015లో హోమ్‌ల్యాండ్ వాళ్లు బెర్లిన్‌లో శరణార్థి శిబిరం సెట్ వేసి, గోడల మీద అరబిక్ రాయమని కళాకారులకి చెప్పారు. వాళ్లు 'హోమ్‌ల్యాండ్ జాత్యహంకార సీరియల్' అని రాసి వెళ్లిపోయారు. ఏం రాశారో ఎవరూ సరిచూసుకోలేదు, అలాగే ప్రసారమైపోయింది. అంతకుముందు బీరూట్ వీధుల్ని చూపించిన తీరుకి లెబనాన్ మంత్రి మండిపడ్డాడు. కంటితో పట్టే మనిషి కథ రాస్తూ ఆ రాసేవాళ్లే చూడకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. నువ్వు హైదరాబాద్‌లోనే ఉంటావు, బస్సెక్కితే అరగంట. వెళ్లి ఆ గోడ చదివించుకో, చదివినవాళ్లతో కూచుని ఒక చాయ్ తాగు, ఆ వీధిలో మనుషులు పొద్దున లేచి ఏం చేస్తారో రాసుకో, తర్వాత ఆ సీను ఉంచాలో తీసెయ్యాలో నీకే తెలుస్తుంది.

ప్రస్తుతానికి రెండో ఎపిసోడ్ ఒక్కటే మళ్లీ రాయి. మొదటి పేజీలో నీ ఆఫీసరు ఇంటికొచ్చి తాళం తియ్యాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు, ఫోన్ మోగకూడదు. ఆవిడ వంటింట్లో డబ్బాలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసి, దేంట్లో ఏముందో నాకు రాసి పంపు. దసరా వరకు నేను ఊళ్లోనే ఉంటాను.

మీ అన్న