ఊపిరితిత్తి బయాప్సీ: గాలి లీకవుతుందన్న భయం

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. చాలా ఏళ్ళు సిగరెట్లు తాగి, ఇటీవలే మానేశారు. కుడి ఊపిరితిత్తిలో 18 మిల్లీమీటర్ల గడ్డ కనిపించడంతో, సీటీ స్కాన్‌లో చూస్తూ సూదితో ముక్క తీసి పరీక్షించాలని డాక్టర్లు చెప్పారు. గుండెలో స్టెంట్ ఉన్నందున ఆయన రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతున్నారు. సూది గుచ్చితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుందని బంధువులు అంటున్నారు. ఆ ప్రమాదం తగ్గించే మార్గాలున్నాయా?

జవాబు: ఉన్నాయి. అయితే బంధువులు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఈ పరీక్షలో అన్నిటికంటే తరచుగా వచ్చే ఇబ్బంది ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య గాలి చేరడం, అంటే న్యూమోథొరాక్స్. పరీక్ష చేయించుకున్న ప్రతి 100 మందిలో సుమారు 15 నుంచి 25 మందికి ఇది ఎంతోకొంత వస్తుంది. వారిలో ఎక్కువమందికి చేరిన గాలి కొద్దిపాటిదే కాబట్టి దానంతటదే ఇంకిపోతుంది. గాలిని తీసేందుకు ఛాతీలో గొట్టం వేయవలసి వచ్చేది మొత్తం మీద నూటికి ఐదారుగురికి మాత్రమే.

ఊపిరితిత్తిని కప్పి ఉండే ప్లూరా అనే పలుచని పొరను సూది ఎన్నిసార్లు చీల్చిందన్నది చాలా ముఖ్యం. అందుకే ఇప్పుడు ఒక బయటి సూదిని ఒక్కసారే లోపలికి పంపి, దానిలోంచి సన్నని సూదితో కావలసినన్ని ముక్కలు తీసే కోయాక్సియల్ పద్ధతిని ఎక్కువగా వాడుతున్నారు. పొగ తాగినవారిలో గాలి గదులు చెడిపోయే ఎంఫిసీమా ఉంటే ముప్పు పెరుగుతుంది కాబట్టి, పెద్ద గాలి బుడగలూ, ఊపిరితిత్తి భాగాల మధ్య ఉండే చీలికలూ తగలకుండా సూది దారిని స్కాన్‌లో ముందే నిర్ణయించాలి. గడ్డ ఛాతీ గోడకు ఆనుకుని ఉంటే అల్ట్రాసౌండ్‌తోనే చేయవచ్చేమో, లోతుగా శ్వాసనాళాల దగ్గర ఉంటే శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పంపే బ్రాంకోస్కోపీతో ముక్క దొరుకుతుందేమో డాక్టరును అడగండి. ఇలా అడగడం తప్పేమీ కాదు. అడగాలనే నేను గట్టిగా చెబుతాను.

క్లోపిడోగ్రెల్ విషయంలో మాత్రం దయచేసి సొంత నిర్ణయం తీసుకోకండి. రక్తస్రావం తగ్గించేందుకు దీన్ని సాధారణంగా 5 రోజుల ముందు ఆపిస్తారు. కానీ స్టెంట్ వేసి ఎక్కువ కాలం కాకపోతే, మాత్ర ఆపడం వల్ల స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం బయాప్సీ ప్రమాదం కంటే పెద్దది కావచ్చు. ఆపాలా వద్దా, ఆపితే ఎన్నాళ్ళు అన్నది గుండె డాక్టరూ బయాప్సీ చేసే డాక్టరూ మాట్లాడుకొని తేల్చాలి. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలూ ముందే చేయించాలి.

నాన్నగారు చేయగలిగినదీ చాలా ఉంది. స్కాన్ బల్ల మీద ఊపిరి ప్రతిసారీ ఒకే మోతాదులో బిగపట్టడం ముందే సాధన చేయాలి. లోతుగా పీల్చితే గడ్డ జరిగిపోతుంది. దగ్గు ఉంటే ముందే చెప్పాలి, ఎందుకంటే సూది లోపల ఉండగా దగ్గినా, కదిలినా ప్లూరాలో సూది చేసిన చీలిక పెద్దదవుతుంది. అరుదుగా సూది ద్వారా గాలి రక్తనాళంలోకి చేరి ప్రాణాపాయం కలిగించగలదు కాబట్టి, సూది నోరు తెరిచి ఉన్న క్షణాల్లో డాక్టరు చెప్పేదాకా లోతుగా పీల్చకూడదు.

సూది తీసిన వెంటనే, గుచ్చిన వైపు కిందకు వచ్చేలా రోగిని తిప్పి పడుకోబెట్టడం వల్ల గొట్టం అవసరం తగ్గుతుందని కొన్ని అధ్యయనాల్లో తేలింది. బయటకు తీసేటప్పుడు సూది దారిలో రోగి సొంత రక్తాన్ని కొద్దిగా నింపి మూసే పద్ధతీ ఉంది. ఈ రెండిటిలో ఏది పాటిస్తారో అడగండి. తరువాత కొన్ని గంటలు మాట్లాడకుండా విశ్రాంతిగా ఉంచి, ఎక్స్‌రే తీస్తారు. ఉమ్మిలో కొద్దిగా రక్తపు చారలు కనిపించడం మామూలే.

ఆ రాత్రి ఆయనను ఒంటరిగా ఉంచకండి. ఆయాసం, ఛాతీలో పొడిచినట్లు నొప్పి, ఎక్కువగా రక్తం పడడం, కాలూచేయీ పడిపోవడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. గాలి చేరినట్లు తేలితే, అది పూర్తిగా పోయిందని ఎక్స్‌రేలో తెలిసి డాక్టరు అనుమతించేదాకా విమాన ప్రయాణం చేయించకండి.