గోడకు బిగించే ముందు

నెల్లూరు.

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త ఇంటి లోపలి పనికి నమూనాలని నువ్వు ఫోన్లో పంపిన ఫొటోలన్నీ చూశానమ్మా. తెల్ల గోడలు, హ్యాండిళ్లు లేని కబోర్డులు, గాడులు తీసిన చెక్క ప్యానెళ్లు, సీలింగులో గీతల్లా వెలిగే లైట్లు. అన్నీ బాగున్నాయి. అయితే ఒంగోలులో మీరు నలుగురూ ఉండబోయే ఇల్లు ఏదో వాటిల్లో నాకు కనపళ్లేదు. ఇన్నేళ్లు ఇళ్లకు చెక్కపని చేయించినవాణ్ణిగా నేను నమ్మేది ఇది: గోడకూ నేలకూ బిగించేవన్నీ మీ అలవాట్లను బట్టి, మన ఎండావానలను బట్టి ఉండాలి. ఫ్యాషన్ అంతా విప్పి మార్చుకోగలిగిన వాటిలో పెట్టుకో. కర్టెన్లు, దిండ్ల గలీబులు, ఒక గోడ రంగు, టేబుల్ లైటు ఎప్పుడు మార్చినా ఇల్లు తవ్వాల్సిన పని ఉండదు.

వంటగది గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. హాల్లోకి తెరిచి ఉండే వంటగది, తెల్ల మార్బుల్ గట్టు కావాలన్నావు. మీ ఇంట్లో ఆదివారం చేపల పులుసు తప్పదు కదా. చింతపండు పులుపు మార్బుల్ మెరుపును తినేస్తుంది, పసుపు మరక పడితే వదలదు. క్వార్ట్జ్ గట్టుకు మరకల బాధ తక్కువే గానీ, పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెడితే పాడవుతుంది. పక్కనే చీమకుర్తి పెట్టుకుని ఎక్కడెక్కడి రాయో ఎందుకు? నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ అక్కణ్ణుంచే దేశాలు దాటి పోతోంది. గట్టుకు అది వేయించు. నీకిష్టమైన తెలుపు వెనక గోడ టైల్సులో తెచ్చుకో. హాలుకూ వంటగదికీ మధ్య జరిపే అద్దం తలుపు పెట్టించు: వెలుతురు వస్తుంది, తిరగమోత ఘాటు సోఫాలకు పట్టదు. గట్టు ఎత్తు పుస్తకంలో చూసి వేయించొద్దు. నువ్వు నిటారుగా నిలబడి మోచేయి మడిస్తే, అక్కణ్ణుంచి నాలుగైదు అంగుళాల కిందికి ఉండాలి. మధ్యలో బల్ల కట్టాలని డిజైనరు అంటే మాత్రం వద్దను. మీ అత్తగారు కత్తిపీట ముందేసుకుని కూర్చునేది ఆ జాగాలోనే.

చెక్క సంగతి. ఒంగోలుకు సముద్రం దూరం కాదు, గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. సింకు కింద, బాత్రూం గోడకు ఆనుకున్న కబోర్డులకు ఐఎస్ 710 ముద్ర, అంటే నీటికి బాగా తట్టుకునే రకమని చెప్పే భారతీయ ప్రమాణం గుర్తు, ఉన్న ప్లైవుడ్డే వాడించు. పడగ్గది అల్మారాకు మామూలు వాడకానికి సరిపోయే ఐఎస్ 303 రకం చాలు. ముద్ర నువ్వే స్వయంగా చూడు, బిల్లు మీద రాసింది కాదు. తలుపుల కీళ్లు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకో. పాలిష్ పని తుఫాను రోజుల్లో, అంటే అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకోవద్దు. తేమకు పాలిష్ మీద తెల్లగా పొర కడుతుంది, మళ్లీ గీకి పట్టించాలి.

సీలింగు మొత్తం దించితే ఫ్యాను నెత్తిమీదికి వస్తుంది. రోహిణి కార్తెలో మనకు ఫ్యాను గాలే ముఖ్యం. చుట్టూ అంచు మాత్రం దించి, నడిమధ్య ఖాళీగా వదిలేయమను. హాల్లో 3000 కెల్విన్ పసుపు వెలుగు హాయిగా ఉంటుంది. వంటగదికి ఇంకాస్త తెల్లగా ఉండే 4000 కెల్విన్ పెట్టించు, చేప శుభ్రం చేసేటప్పుడు పొలుసు కనపడాలి కదా. గోడ రంగు డబ్బా మీద చూసి ఎంచుకోవద్దు. రెండడుగుల మేర గోడమీదే వేయించి పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడు.

ఇప్పుడు అసలు నా మనసులో మాట. మీ అమ్మమ్మ భోషాణానికి తెల్ల రంగు కొట్టి కొత్త సామానులో కలిపేద్దామని డిజైనరు అన్నాడని రాశావు. ఒప్పుకోవద్దమ్మా. ఆ టేకుకు అన్నేళ్ల చేతి స్పర్శతో వచ్చిన రంగు ఏ డబ్బాలోనూ దొరకదు. మట్టి తుడిచి, ఉన్నదున్నట్టు హాల్లో ఒక ఖాళీ గోడకు ఆనించి పెట్టు. చుట్టూ ఏ ప్యానెలూ వద్దు. నీ కొత్త తెల్ల గోడ ఉపయోగం అక్కడే తెలుస్తుంది: సాదా గోడ ముందు పాత వస్తువు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. గదికొక్కటి చాలు. ఇత్తడి బిందెలు, తిరగలి, లాంతరు అన్నీ ఒకచోట పేరిస్తే అది అంగడిలా ఉంటుంది.

మీ అమ్మ వెంకటగిరి చీరను ఫ్రేము కట్టించాలనుకుంటే కత్తెర పెట్టనీకు. పమిట కనపడేట్టు మడిచి, బట్టకూ అద్దానికీ మధ్య సందు ఉంచి కట్టించు. ఎండ పడే గోడకు తగిలించొద్దు, రంగు పోతుంది. వంటగదిలో ఉదయగిరి చెక్క గరిటెలు ఒక కడ్డీకి వేలాడదీయి. అవి అలంకారానికి కాదు, రోజూ కూర కలపడానికి. బాల్కనీ గోడకు రాయి కావాలంటే మార్కాపురం పలక రాయి ఉంది.

పని వరస తప్పొద్దు. ముందు కరెంటు పాయింట్లు, తర్వాత సీలింగు, తర్వాత చెక్క, చివరికి రంగు. గ్రైండరుకు సింకు పక్కన ప్లగ్గు ఉండాలని కరెంటు మనిషికి మొదటిరోజే చెప్పు. అతను గోడలు చెక్కడం మొదలుపెట్టకముందే గదుల కొలతలు, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో కాగితం మీద గీసి ఫొటో పంపు. అల్మారాలు ఎక్కడొస్తాయో గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.

మీ మామయ్య