ఇంట్లో అన్న మాట వాకింగ్ గ్రూపుకి వెళ్లింది

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాన్నగారు రిటైర్డ్ టీచర్, డెబ్బై ఏళ్లు. అమ్మ పోయి ఆరేళ్లయింది. తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగిన వారంలో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో గొడవైంది. "అందరి ఫోన్లూ చెక్ చేయాలి, సోషల్ మీడియా అకౌంట్లన్నీ ఆధార్‌తో కలపాలి, తప్పు చేయనివాడికి భయమెందుకు" అని నాన్న పెట్టారు. "అక్కడ కాపలా ఎందుకు లేదని అడగరు గానీ ఇక్కడ మన ఫోన్లు వెతకమంటారా" అని తమ్ముడు రాశాడు. "గోకుల్ చాట్ పేలుళ్ల రాత్రి నీ ఫోన్ కలవక నేను పడ్డ నరకం నీకేం తెలుసురా" అని నాన్న. మావారు నాన్న మెసేజ్‌కి బొటనవేలి గుర్తు పెట్టారు. ఆ రాత్రే నాన్న తమ్ముడి మెసేజ్‌ని పేరు, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, "నా కొడుకే ఇలా మాట్లాడుతున్నాడు, సిగ్గుగా ఉంది" అంటూ తన వాకింగ్ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి ఎవరో ఫేస్‌బుక్‌కి ఎక్కించారు. తమ్ముడికి పది రోజులు తిట్లతో ఫోన్లు. వాడి కొడుకు స్కూల్ యూనిఫాంలో ఉన్న ఫోటో కూడా పెట్టారు. ఆఫీసుకి మెయిల్స్ వెళ్లి హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి అడిగారు. నాన్నకి బీపీ అని ఇవేవీ ఆయనకి చెప్పలేదు. "పెద్దాయన, నువ్వే తగ్గు" అని తమ్ముడికే చెప్పాను. వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నాతోనూ ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. వచ్చే నెల మా అమ్మాయి ఓణీల ఫంక్షన్. నాన్న ఉంటే రానంటున్నాడు. "దేశం మీద ప్రేమ లేనివాడు రాకపోతే ఏం" అంటున్నారు నాన్న. మేనమామ లేకుండా ఎలా చేయను? ఇంకో మాట. రిటైరైన ఏడాది, 2013లో, నాన్న అమ్మని కశ్మీర్ తీసుకెళ్లారు. పహల్గాంలో అమ్మ గుర్రం మీద ఉన్న ఫోటో మా హాల్లో ఉంటుంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి మళ్లీ ఆ టాపిక్ ఎత్తుతారేమో, తీసేయమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మా, మీ ఇంట్లో జరుగుతున్నది ఒక గొడవ కాదు, రెండు. మీ నాన్నగారి లెక్కలో కొడుకు దేశం విషయంలో ఎదురు మాట్లాడాడు, మాట పడలేక గ్రూపులోంచి లేచిపోయాడు. మీ తమ్ముడి లెక్కలో కన్నతండ్రి తనని తీసుకెళ్లి నడివీధిలో నిలబెట్టాడు, పసివాడి ఫోటో దాకా వెళ్లినా ఒక్క ఫోన్ చేయలేదు. ఆ ఫోన్ రాకపోవడం మొండితనమని వాడు అనుకుంటున్నాడు. అసలు సంగతి, ఆయనకి ఏమీ తెలియదు. తెలియనివ్వనిది మీరే.

నొచ్చుకోకండి. బీపీ ఉన్న పెద్దవాళ్ల ఇళ్లల్లో కూతుళ్లందరూ చేసే పనే ఇది. చెడు వార్తని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. కానీ ఇక్కడ మీరు ఆపింది చెడు వార్తని కాదు, ఒక తండ్రి "అయ్యో, నేనెంత పని చేశాను" అనుకోగలిగే అవకాశాన్ని. అది దొరకకపోబట్టే ఆయన ఇప్పటికీ దేశభక్తి దగ్గరే ఆగిపోయారు.

ఇక "ఇంకో మాట" అంటూ చివర్లో రాశారు చూశారా, అది మొదటి వాక్యంగా రావాల్సింది. 2025 ఏప్రిల్ 22న 26 మందిని చంపిన బైసరన్ మైదానం పహల్గాం ఊరికి ఐదారు కిలోమీటర్ల పైన ఉంటుంది. నడిచి గానీ గుర్రం మీద గానీ వెళ్లాలి. మీ అమ్మగారు ఆ రోజు గుర్రమెక్కి ఎటువైపు వెళ్లారో నాకు తెలియదు, కానీ ఆయనకి తెలుసు. చనిపోయినవాళ్లలో మీ విశాఖ ఆయన ఒకరు, కావలి కుటుంబానికి చెందిన ఆయన ఒకరు. వారం రోజుల పాటు టీవీలో ఆ పచ్చిక, ఆ గుర్రాలు, ఆ దేవదారు చెట్లు. హాల్లో గోడ మీద అదే పచ్చిక, దాని మీద మీ అమ్మగారు. "అందరి ఫోన్లూ వెతకండి" అని ఆయన రాసినప్పుడు అందులో రాజకీయం ఎంతుందో, అమ్మ ఎంతుందో ఎవరైనా అడిగారా? గోకుల్ చాట్ మాట కూడా ఊరికే అన్నది కాదు. 2007 ఆగస్టు 25 రాత్రి లుంబినీ పార్కులో, కోఠిలో బాంబులు పేలి 42 మంది పోయిన నాడు, హైదరాబాద్‌లో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులు ఫోన్ కలవక ఎలా అల్లాడారో ఆ తరం వాళ్లందరికీ గుర్తే.

అలాగని తమ్ముడి భయాన్ని తీసి పక్కన పెట్టడానికి వీల్లేదు. దానికీ వేర్లున్నాయి. ముంబై మీద దాడి జరిగిన నెల తిరక్కుండానే, 2008 డిసెంబరులో, ఐటీ చట్టం సవరణలు పార్లమెంటులో పెద్దగా చర్చ లేకుండానే పాసైపోయాయి. అప్పుడు వచ్చిన, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలుకి పంపే 66ఏ సెక్షన్ కింద 2013లో చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు హైదరాబాద్‌లో ఒక పౌరహక్కుల నాయకురాల్ని అరెస్టు చేశారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. కోపంలో చేసిన చట్టం కోపం చల్లారాక కూడా ఉంటుంది, అందులో ఇరుక్కునేది మనలాంటివాళ్లే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడికి, ఎవరి డేటా ఎక్కడికి పోతుందో రోజూ చూసేవాడికి, ఇది ఇంకా దగ్గరగా కనబడుతుంది.

పహల్గాంలో కాపలా ఎందుకు లేదన్న వాడి ప్రశ్న కూడా దేశద్రోహమేమీ కాదు. దాడి జరిగిన రెండు రోజులకే అఖిలపక్ష సమావేశంలో పార్టీలు అడిగిందీ అదే. జులైలో జమ్మూ కశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా అది భద్రతా వైఫల్యమేనని ఒప్పుకుని, పూర్తి బాధ్యత తనదేనన్నారు. ఈ ముక్క మీ నాన్నగారికి చెప్పాలనిపిస్తుంది మీకు. ఇప్పుడే వద్దు. వాదన గెలిచిన కొడుకు ఆయనకి అక్కర్లేదు.

ప్రైవసీ గురించి మాత్రం ఒక సంగతి, ఎప్పుడైనా ఆయన కాఫీ తాగుతూ తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు కదా, ఆ కేసు వేసింది ఫోన్ పట్టుకు తిరిగే కుర్రాడు కాదు. 2012లో అది వేసేనాటికి జస్టిస్ పుట్టస్వామికి 86 ఏళ్లు. రిటైర్డ్ హైకోర్టు జడ్జి. మీ నాన్నగారికంటే ఒక తరం పెద్ద. అదే తీర్పు దేశ భద్రత కోసం ఆ హక్కుకి హద్దులు పెట్టొచ్చని కూడా చెప్పింది, కాకపోతే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, అవసరానికి మించకూడదు. అంటే మీ ఇంట్లో ఇద్దరికీ అందులో చోటుంది.

ఆ రోజులు ఎలాంటివో మళ్లీ ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్లయి వారం కాకుండానే ఆ మైదానంలో భర్తను పోగొట్టుకున్న అమ్మాయి, ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దు, న్యాయం కావాలి అన్నందుకు ఆమెను ఆన్‌లైన్‌లో ఎంత నీచంగా తిట్టారంటే జాతీయ మహిళా కమిషన్ కలగజేసుకుని ఖండించాల్సి వచ్చింది. మే 10న పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ గురించి ప్రకటించిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని కూడా వదల్లేదు. ఆయన కూతురి వివరాలు బయటపెట్టారు, ఆయన తన ఎక్స్ ఖాతాకి తాళం వేసుకున్నారు. అంతటివాళ్లకే దిక్కు లేకపోతే మీ తమ్ముడెంత?

నేనేమీ మినహాయింపు కాదు. మే రెండో వారంలో "ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారట" అన్న మెసేజ్‌ని మా అక్కచెల్లెళ్ల గ్రూపులో పెట్టింది నేనే. మా చిన్నక్క ఎండలో వెళ్లి లైన్లో నిలబడింది. సాయంత్రానికి అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ చెప్పింది. అందరికీ సలహాలిచ్చే మనిషినని చెప్పుకునే నేను, ఆ బటన్ నొక్కడానికి రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు. మీ నాన్నగారి వేలు ఆ రాత్రి ఎంత తేలిగ్గా కదిలి ఉంటుందో నాకు తెలుసు.

కాబట్టి ముందు నాన్నగారి దగ్గరికి వెళ్లండి. ఒక్కరే వెళ్లండి, మీవారిని తీసుకెళ్లకండి. పొద్దున వాకింగ్ నుంచి వచ్చి టిఫిన్ తిని బీపీ మాత్ర వేసుకున్నాక కూర్చోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ముందు అమ్మ గురించి అడగండి. గుర్రం ఎక్కడానికి భయపడిందా, ఫోటో ఎవరు తీశారు, తిరిగి వస్తూ ఏం కొన్నారు? ఆయన మాట్లాడతారు. ఎంతసేపైనా మాట్లాడనివ్వండి. ఆ తర్వాత ఒకే ఒక్క విషయం చెప్పండి: "మీరు ఆ రోజు పెట్టిన స్క్రీన్‌షాట్ బయటికి వెళ్లింది నాన్నా. పిల్లాడి ఫోటో దాకా వెళ్లింది. తమ్ముణ్ణి ఆఫీసులో పిలిచి అడిగారు. మీ ఆరోగ్యం గురించి భయపడి నేను చెప్పలేదు, అది నా తప్పు." అక్కడితో ఆపేయండి. కశ్మీర్, ఆధార్, ప్రభుత్వం, ఏదీ ఎత్తొద్దు. ఆయనే ఎత్తితే "అది వేరే రోజు మాట్లాడుకుందాం" అనండి. బీపీ నిజంగానే ఎక్కువగా ఉంటే ముందు రోజు డాక్టరుకి చూపించి, ఆ తర్వాతే చెప్పండి. చెప్పకుండా మాత్రం ఉండకండి.

ఆయన వెంటనే కరిగిపోతారని నేను అనను. "నేను వాకింగ్ గ్రూపులోనే కదా పెట్టాను, మనవాళ్లే కదా" అంటారు. అనే హక్కు ఆయనకుంది, ఎందుకంటే ఆయన తరానికి అరుగు మీద చెప్పిన మాట అరుగు మీదే ఉండేది. స్క్రీన్‌షాట్‌కి అరుగుండదు. ఇది చెప్పడానికి టెక్నాలజీ పాఠం అక్కర్లేదు. ఆయన స్కూల్లో ఒక పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు తీసి ఇంకో తరగతిలో చదివి వినిపించేవారా అని అడగండి. టీచరుకి అర్థమవుతుంది.

పాత మెసేజ్‌ని వాట్సాప్‌లో అందరికీ డిలీట్ చేయడం ఇప్పుడు కుదరదు, రెండు మూడు రోజులు దాటితే ఆ సదుపాయం పనిచేయదు. కాబట్టి ఆయన అదే గ్రూపులో కొత్తగా రెండు వాక్యాలు రాయాలి: నా కొడుకు నాతో ఇంట్లో అన్న మాట నేను బయట పెట్టాను, అది నా పొరపాటు, ఎవరి దగ్గరైనా ఉంటే తీసేయండి అని. మీరు రాసిపెట్టొద్దు. ఆయన చేత్తో, ఆయన భాషలో రావాలి. అభిప్రాయం మార్చుకోమని అడగొద్దు. అందరి ఫోన్లూ వెతకాలని ఆయన రేపు కూడా అనుకోవచ్చు. కొడుకు ఫోన్ నంబరు ఊళ్లో పంచకూడదు, అంతే.

పిల్లాడి ఫోటో ఇంకా ఎక్కడైనా కనబడితే ఫేస్‌బుక్‌లో రిపోర్టు కొట్టడంతో పాటు, కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ పోస్టుల లింకులు, తిట్టిన నంబర్లు, తేదీలు దాచి ఉంచమనండి. అయితే ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది వాడి ఇష్టం, వాడి భార్య ఇష్టం. వాళ్ల తరఫున మీరు ఇంకో నిర్ణయం తీసుకోకండి, ఇప్పటికే ఒకటి తీసుకున్నారు.

మీవారి సంగతి. బొటనవేలు చిన్న విషయమే అనుకుంటారు ఆయన. బావగారు అందరి ముందూ ఎటు నిలబడ్డారో మీ తమ్ముడికి ఆ ఒక్క గుర్తుతో తెలిసిపోయింది. ఆయన విడిగా ఫోన్ చేసి "ఆ రోజు నీకు అంత జరిగిందని నాకు తర్వాత తెలిసింది, అప్పుడే ఫోన్ చేయాల్సింది" అంటే చాలు. మీరు పక్కన నిలబడి సైగలు చేయకండి.

ఇక ఫంక్షన్. మేనమామ ఓణీ తెచ్చి మేనకోడలి భుజం మీద వేయడం మన ఇళ్లల్లో ఎంత ముచ్చటో నాకు తెలుసు. కానీ ఆ ఓణీని ఎరగా వాడొద్దు. "దాని మొహం చూసైనా రా" అంటే వాడు వస్తాడు, వచ్చి ఓ మూల కూర్చుని భోజనం కాగానే వెళ్లిపోతాడు. నాన్నగారితో మీ మాట అయ్యాకే వాడికి ఫోన్ చేయండి. మొదటి వాక్యం ఫంక్షన్ గురించి కాకుండా, "నిన్ను తగ్గమన్నాను, ఆ రోజు తగ్గాల్సింది నువ్వు కాదు" అని ఉండాలి. నాన్నకి అప్పటిదాకా ఏమీ తెలియదని, ఇప్పుడు తెలుసని చెప్పండి. వాడు కాసేపు ఏమీ మాట్లాడడు. లైన్ కట్ అయిందేమో అనుకుని "హలో, హలో" అనకండి, ఆగండి. తేదీ చెప్పి, టికెట్ సంగతి వాడికే వదిలేయండి. అప్పటికీ రాలేకపోతే, మేనమామ వరసయ్యే ఇంకొకరి చేత ఓణీ పెట్టించండి. మీ అమ్మాయి ముందు వాడి గురించి ఒక్క మాట జారనివ్వొద్దు.

ఫంక్షన్ పనుల కోసం కొత్త గ్రూపు పెట్టండి, కేటరింగ్, పూలు, ఎవరు ఏ రైలుకి దిగుతున్నారు, అంతవరకే. పహల్గాం దాడి జరిగిన ఆ వారంలోనే వాట్సాప్ చాట్‌లకి ఒక కొత్త ప్రైవసీ సెట్టింగ్ తెచ్చింది, చాట్ మొత్తాన్ని బయటికి ఎక్స్‌పోర్ట్ చేయకుండా ఆపుతుంది. కావాలంటే పెట్టుకోండి. స్క్రీన్‌షాట్‌ని మాత్రం అది ఆపలేదు.

ఫోటో తీయకండి. తుడిచి, దండ కొత్తది వేయండి. నాన్నగారు కూర్చునే కుర్చీ దాని దగ్గరే వేయండి. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు దాని ముందు ఆగి, "అవునండీ, ఇది ఆ పహల్గామే కదా, అసలు అప్పుడు ఏం చేయాల్సిందంటే..." అని మొదలుపెడతారు, తప్పదు. వడ్డన మొదలైందని చెప్పి విస్తరి దగ్గరికి తీసుకెళ్లండి.