న్యుమోకోకల్ టీకా వేయిస్తే బిడ్డకి ఇంక నెమ్ము రాదా?

అసలు రాదని కాదు గానీ నెమ్ము అంటే న్యుమోనియా వచ్చే అవకాశం బాగా తగ్గుద్ది, ముఖ్యంగా ఆస్పత్రిలో చేర్చాల్సినంత ముదిరిపోయే రకం. ఎందుకంటే న్యుమోనియా ఒకే క్రిమి వల్ల వచ్చే జబ్బు కాదు, ఆర్‌ఎస్‌వీ, ఫ్లూ లాంటి వైరస్‌ల వల్లా వస్తది, వేరే బ్యాక్టీరియా వల్లా వస్తది, ఈ టీకా ఆపేది న్యుమోకోకస్ అనే ఒక్క బ్యాక్టీరియానే, అందులోనూ 100కి పైగా రకాలుంటే ఎక్కువ ప్రమాదం తెచ్చే కొన్నిటినే. కాకపోతే చిన్నపిల్లల ప్రాణం తీసే న్యుమోనియాలో దీని వాటా చాలా పెద్దది, అందుకే ఆ ఒక్కదాన్ని ఆపినా అంత తేడా కనపడేది.

అమెరికానే చూడండి, 2000లో పిల్లలకి ఈ టీకా మొదలుపెడితే 2004 చివరికల్లా రెండేళ్లలోపు పిల్లలు న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరడం సుమారు 39 శాతం తగ్గింది. పిల్లల గొంతు, ముక్కుల్లో ఈ క్రిమి తగ్గేసరికి ఇంట్లో ముసలోళ్లకి అంటుకోవడం కూడా తగ్గింది, ఇది నిజంగా పెద్ద లాభం.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, కావలిలోనో కందుకూరులోనో టీకా వేయించిన బిడ్డకి మళ్లీ నెమ్ము చేస్తే "సూది పనిచెయ్యలా, ఇంకెందుకు" అని తొమ్మిదో నెల బూస్టర్ మానేస్తారు, దయచేసి అట్ట చెయ్యబాకండి. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలు, మూడు డోసులూ సర్కారు ఆస్పత్రిలో ఉచితమే. టీకా వేయించినా సరే బిడ్డ డొక్కలెగరేస్తా ఊపిరి తీస్తుంటే వెంటనే ఆస్పత్రికి తీసకపోండి.