తోటి వేషంలో వచ్చిన ప్రాజెక్టు రిపోర్టు

ఐటీ కంపెనీలో కొత్తగా టీమ్ లీడ్ అయ్యానని, మీటింగులో అందరూ "అయిపోతుంది" అంటున్నారని, తీరా గడువు రోజు చూస్తే సగం పని కూడా కావడం లేదని, దీనికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని మీరు అడిగారు. సాఫ్ట్‌వేర్ సంగతి నాకు తెలియదు. తిరుపతి ఊరి బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. "అయిపోతుంది సార్" అనే మాట గురించి మాత్రం నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని గట్టిగా చెప్పగలను.

మా గడువును మేము పెట్టుకోము, తోతాపురి మామిడి పెడుతుంది. జూన్‌లో కాయ కోతకు వచ్చిందంటే గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. రైతు టార్పాలిన్ కప్పుకుని ట్రాక్టర్ కిందే పడుకుంటాడు. అప్పుడు "స్టెరిలైజర్ ఇంకా బిగించలేదు, వచ్చే వారం రండి" అని చెప్పగలమా? కాయ మెత్తబడుతుంది, రైతు మాత్రం మెత్తబడడు. కాబట్టి మే నెలాఖరులోగా మెషీన్లన్నీ విప్పి, కడిగి, బిగించి, బాయిలర్‌ను తనిఖీకి సిద్ధం చేయాలి.

2022లో చిత్తూరు జిల్లా విడిపోవడానికి ముందు సంగతి ఇది. మెయింటెనెన్స్ బాధ్యత నాకు మొదటిసారి అప్పగించిన ఏడాది. రాత్రంతా కూర్చుని ఎక్సెల్‌లో రంగురంగుల పట్టిక తయారుచేశాను. ఏ రోజు ఎవరు ఏ పని చేయాలో అందులో ఉంది. మర్నాడు అందరినీ పిలిచి చూపించి, "ఎవరికైనా ఇబ్బందా?" అని అడిగాను. "లేదు సార్, చేసేద్దాం సార్" అన్నారు. నాకు చాలా సంతోషం వేసింది.

నాది మదనపల్లె పక్కన పల్లె. తిరుపతి గంగమ్మ జాతర గురించి వినడమే తప్ప దాని పట్టు నాకు తెలియదు. మంగళవారం రాత్రి ఊళ్లో చాటింపు వేశారు. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదని పాత కుటుంబాలవాళ్ల పట్టింపు. మా ఫ్యాక్టరీ ఉన్నది పొలిమేర అవతల. బుధవారం పొద్దున వర్క్‌షాపులో నేనూ, వాచ్‌మనూ, ఒక ఫిట్టరూ, విప్పి పరిచిన గొట్టాలూ మిగిలాం. స్టీలు గొట్టాలకు ఆర్గాన్ వెల్డింగ్ చేయడం వచ్చినవాడు మాకు ఒక్కడే. వాడూ రాలేదు.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. బయటి నుంచి ఒక వెల్డరును కూలికి పిలిపించాను. ఆలస్యమైన పనికి కొత్త మనిషిని తగిలిస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. అతనికి మా మెషీన్ చూపించడానికి ఉన్న ఒక్క ఫిట్టరునూ రెండు రోజులు అతని వెనకే తిప్పాను. నీళ్లు నింపి ఒత్తిడి ఎక్కించి చూస్తే మూడు అతుకుల దగ్గర చెమట పట్టినట్టు నీళ్లు కారాయి. అన్నీ కోసి మళ్లీ వేయాలి.

ఉండబట్టలేక మా వెల్డరును వెతుక్కుంటూ ఊళ్లోకి వెళ్లాను. జాతరలో రోజుకొక వేషం వేస్తారు, ఆ రోజు తోటి వేషం. ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపాకు కట్టుకుని వీధిలో ఎదురయ్యాడు. మొదట పోల్చుకోలేకపోయాను. జాతరలో వేషం వేసినవాళ్లు బూతులు తిట్టడం ఆచారం, ఎవరూ తప్పు పట్టరు. ఏడాది పాటు నన్ను "సార్" తప్ప మరో మాట అనని మనిషి, నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. ఇక్కడ రాయదగినంత వరకు రాస్తాను: "తేదీలన్నీ నువ్వే రాసుకొచ్చి, ఇబ్బందా అని మమ్మల్ని అడుగుతావా? జాతర ఎప్పుడని ఒక్కసారైనా అడిగావా? ఆ గొట్టానికి వేసే గాస్కెట్లు చెన్నై నుంచి రావాలని నీకు తెలుసా? ఎవరు ఆర్డర్ పెట్టారు?"

ఎవరూ పెట్టలేదు. గొట్టాల అతుకుల మధ్య కారకుండా పెట్టే ఆ గాస్కెట్లకు నా పట్టికలో గడే లేదు. అక్కడ రోడ్డు మీదే నిలబడి చెన్నైకి ఫోను చేశాను. నా ఉద్యోగంలో నాకు అందిన మొదటి నిజమైన ప్రాజెక్టు రిపోర్టు అదే.

ఆ ఏడాది లైను ఆరు రోజులు ఆలస్యంగా మొదలైంది. యాజమాన్యం నన్ను ఏమన్నదో ఇక్కడ అనవసరం. అంతకంటే రైతుల మొహాలు చూడలేకపోయాను.

మరుసటి ఏడాది పట్టిక వేయలేదు. గోడ మీది తెలుగు క్యాలెండర్ ఊడదీసుకుని, టీ తెప్పించి, వర్క్‌షాపులోనే ఒక్కొక్కరి పక్కన కూర్చున్నాను. "ఎప్పటికి అవుతుంది?" అని ఎవరినీ అడగలేదు. ఆ ప్రశ్నకు మన దేశంలో ఒకటే జవాబు. "నువ్వు ఏ రోజుల్లో రావు? నీ పని మొదలవ్వాలంటే నీ చేతికి ముందు ఏమి రావాలి, ఎవరి దగ్గర నుంచి?" ఈ రెండే అడిగాను. "నాకేమీ అక్కర్లేదు" అన్నవాడి దగ్గర ఇంకో టీ తాగేదాకా లేవలేదు. జాతర, పెళ్లిళ్లు, పిల్లల అడ్మిషన్లు అన్నీ బయటికి వచ్చాయి. తేదీలు వాళ్లే చెప్పారు, నేను రాసుకున్నాను. తేదీ తాను చెప్పినవాడికి దాని మీద కొంచెం రోషం ఉంటుంది. నేను వేసిన తేదీ మీద రోషం నాకొక్కడికే ఉండేది.

మీ ఐటీవాళ్లకు జాతర ఉండకపోవచ్చు. ఇంకో టీమ్ నుంచి రావలసిన ఫైలు, సంతకం పెట్టకుండా సెలవు మీద పోయిన పెద్దమనిషి మీకూ ఉంటారు. అవే మీ గాస్కెట్లు. అన్నట్టు, వాట్సాప్ గ్రూపులో బొటనవేలి బొమ్మను జవాబుగా లెక్కపెట్టకండి. మా దగ్గర సగం మంది మెసేజ్ చదవకుండానే ఆ బొమ్మ పెడతారు. నేనూ పెడతాను. ఇక టయోటా ఫ్యాక్టరీలో మామూలు కార్మికుడు కూడా తాడు లాగి లైను ఆపించగలడని ఉపన్యాసం చెప్పడానికి ఏటా ఎవరో ఒకరు వస్తారు. తాడు కట్టడం పది నిమిషాల పని. లాగినవాణ్ణి మర్నాడు ఎలా చూస్తారన్నది ఆ ఉపన్యాసంలో ఎప్పుడూ ఉండదు.

ఇప్పుడు ఏటా తోటి వేషం రోజు సెలవు పెట్టి మరీ వాళ్ల వీధికి వెళతాను. కిందటేడు తిన్న తిట్లలో, రాత్రి షిఫ్టు ఆడవాళ్లను వ్యాను ఇంటి దాకా తీసుకెళ్లకుండా మెయిన్ రోడ్డు మీదే దింపేసి పోతోందన్న సంగతి బయటపడింది. ఏడు నెలలుగా అలాగే జరుగుతోందట. అన్ని నెలలూ మీటింగులో రవాణా గడిలో నేను టిక్కు పెడుతూనే ఉన్నాను.